గంట మోగినా లేవని వాళ్లు

రేకులు వంచే ప్రెస్సు కింద మా పిన్ని నాలుగు వేళ్లు పోయాయి. చేతులు లోపలికి పోకుండా అడ్డుండే జాలీని, పని నెమ్మదిస్తోందని మేనేజరు అంతకు వారం ముందే పీకించాడు. నా కళ్ల ముందే పీకించాడు. అయినా ఆఫీసు గుమాస్తాగా రిపోర్టులో "కార్మికురాలి అజాగ్రత్త" అని రాసింది నేనే. మా వంశంలో మొదటి డిగ్రీ నాది. అది అందుకు పనికొచ్చింది.

జాలీ తిరిగి రాలేదు. ధ్యానం మాస్టారు వచ్చాడు.

"ప్రమాదాలకి మూలం నిలకడలేని మనసు" అన్నాడు. ఇక రోజూ పొద్దున పది నిమిషాలు ప్రెస్సుల మధ్య నేల మీద కళ్లు మూసుకుని కూర్చోవాలి. గంట కొడితే లేవాలి.

"వేళ్లు తెగితే మనసుకి కట్టు కడతారట!" అన్నాడు వెల్డింగు బావ. అందరూ నవ్వారు, మూడో ప్రెస్సు పెద్దమ్మ తప్ప. ఇరవై ఏళ్లుగా ఆవిడ తెల్లారకముందే లేచి ఇంట్లో అలా కూర్చునే మనిషి.

"కళ్లు మూసుకుంటే జాలీ వస్తుందా పెద్దమ్మా?" బావ దెప్పాడు.

"రాదురా. నా భయం నాకు కనిపిస్తుంది. దాన్నే చూస్తూ కూర్చుంటే అదే అలిసిపోతుంది. నీ అరుపుల కిందా ఉంది భయం, నువ్వు చూడవు. అందుకే పోయినసారి సమ్మెలో గేటు దగ్గర పోలీసు లాఠీ లేవగానే పరిగెత్తావు."

"నువ్వసలు గేటు దగ్గరికే రాలేదుగా!"

పెద్దమ్మ తల దించుకుంది. "రాలేదు. నా శాంతి నేను చూసుకున్నాను. నా పక్క ప్రెస్సులోనే దాని వేళ్లు పోయాయి. ఆ శాంతి ఎందుకురా, కాల్చనా?"

నాలుగో రోజు గంట మోగింది. పెద్దమ్మ లేవలేదు.

"అయిపోయింది, లే!" అన్నాడు సూపర్‌వైజరు.

"నా మనసింకా కుదురుకోలేదు బాబూ. జాలీలు బిగించండి, కుదురుకుంటుంది."

అప్పటికే లేచిన బావ మళ్లీ కూర్చున్నాడు. అతని వెనక వరస కూర్చుంది, దాని వెనక వరస కూర్చుంది. రెండు వందల మంది. ఒక్కరూ అరవలేదు. అరిస్తే ఏం చేయాలో మేనేజరుకి తెలుసు. ఇది తెలియదు.

పోలీసులొచ్చారు. లాఠీలు లేచాయి. బావ ఈసారి పరిగెత్తలేదు, తల పగిలింది. పెద్దమ్మని నలుగురు మోసుకెళ్లారు. ఆవిడ పెనుగులాడలేదు, అలాగని ఒక్క అడుగూ వేయలేదు. ఆఫీసు తలుపు దగ్గర నిలబడ్డ నన్ను చూసి, "ఈసారైనా చూసింది రాయరా" అంది.

మర్నాడు ధ్యానం నిషేధమంటూ నోటీసు టైపు చేయమన్నారు. "జాలీ పీకించింది మేనేజరు" అని టైపు చేసి, సంతకం పెట్టి, బోర్డుకి అంటించాను. ప్రెస్సుల దగ్గరికి వచ్చేసరికి, గంట కొట్టేవాడు లేకపోయినా అందరూ మళ్లీ కూర్చుని ఉన్నారు. మూడో ప్రెస్సు దగ్గర, లాకప్పులో ఉన్న పెద్దమ్మ చోటు ఖాళీగా ఉంది. అక్కడ కూర్చున్నాను.

కట్టు కట్టిన చేత్తో పిన్ని వచ్చి నిలబడింది.

"ఆ రిపోర్టు రాసింది నువ్వే కదరా?"

"నేనే పిన్నీ."



"జరుగు" అని, నా పక్కన కూర్చుని కళ్లు మూసుకుంది.