లావు జాయింటు

ఇరవై ఆరేళ్ళు లారీ డ్రైవరు శివాజీతో కాపురం చేసి రాజకుమారి నేర్చుకున్నది ఒక్కటే, చెవితో బండిని చూడడం. ఆయన లారీ సాలూరు బైపాస్ మలుపు తిరుగుతుండగానే చప్పుడు పట్టేసి ఎసరు పెట్టేది. ఇప్పుడా చెవులే ఆమె ప్రాణానికొచ్చాయి.

కొడుకు ధనరాజ్ లారీలకి బాడీలు కట్టే షెడ్డులో వెల్డరు. ఆర్నెల్ల కిందట విశాఖపట్నంలో ఎవరిదో మూలపడున్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తెచ్చి, ఇంజనుకి బలం పెంచే టర్బో బిగించాడు. అప్పట్నించీ ప్లాట్లు అమ్ముడుపోని లేఅవుట్ రోడ్డు మీద లాంచింగులట. కారుని నిలబెట్టి ఇంజనుని గొంతు చించుకునేలా అరిపించడం, క్లచ్ మీంచి కాలు ఒక్కసారిగా తీసెయ్యడం. కారు ఎగిరి దూకుతుంది. వీధి చివరైనా ఒకటి లాగందే వాడికి తోచదు. దూకేముందు అడుగున ఎక్కడో "టక్" మనేది.

"ఒరే, కింద ఏటో కొట్టుకుంతన్నాది రా."

"నీకు ఫ్యాను తిరిగినా కొట్టుకున్నట్టే ఉంటాదమ్మా. పోనీ నువ్వే ఒక మెకానిక్ షెడ్డు ఎట్టీ."

వాడు నవ్వేవాడు. ఆమెకి నవ్వొచ్చేది కాదు. ఒకప్పుడు ఘాటీలో బావగారి లారీకి జాయింటు తెగింది. జాయింటంటే ఇంజను బలాన్ని వెనక చక్రాలకి అందించే పొడవాటి ఇనుప గొట్టం. అది తెగి రోడ్డుని పొడుచుకుని, లారీ లోయ అంచున నాలుగు గంటలు నిలిచిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ రాజకుమారి కలలో ఆ లారీ ఎప్పుడూ నిలవలేదు, ప్రతిసారీ లోయలో పడిపోయింది.

అందుకే జాయింటు అరిగిందని ధనరాజ్ తనంతట తానే కారుని గంగులు షెడ్డులో పెట్టినప్పుడు ఆమె వెనకాలే వెళ్ళింది. ఇప్పుడు మెకానిక్ అయిన గంగులు ఒకప్పుడు శివాజీ దగ్గర క్లీనరు. ఆమె చేతి కూడు తిని పెరిగినవాడు.

"ఈ సన్నపాటి గొట్టం ఏటి గంగులూ? లారీకేసినట్టు లావుది ఎయ్యి."

"అదే కొలత ఎయ్యమన్నాడొదినా."

"ఆడికేటి తెలుసు? నాకు నిద్ర నేదు."

"అది కాదొదినా, లావుదేస్తే..."

"మరి మాటాడకు. ఆడికి సెప్పకు."

గంగులు పాత వ్యాను జాయింటొకటి కోసి, అతికి, బిగించాడు. "టక్" పోయింది. రాజకుమారి పన్నెండు రోజులు కంటినిండా నిద్రపోయింది.

పదమూడో రోజు ఆదివారం. విజయనగరం నుంచి కుర్రాళ్ళొస్తున్నారని, వీడియో తీస్తారని ధనరాజ్ పొద్దున్నే కారు తుడుచుకుని వెళ్ళాడు. ఆమె చేపల పులుసు గిన్నె పట్టుకుని గంగులు షెడ్డుకి వెళ్ళింది.

"జాయింటుకి నూరేళ్ళొదినా," అన్నాడు గంగులు అన్నం కలుపుకుంటూ. "ఇంక ఇరిగితే హౌసింగే ఇరగాల."

"ఏటీ?"

"ఎనక సక్రాల మద్దిన గుండ్రంగా ఉంటాది సూడు. పళ్ళ సక్రాలు అందులోనే ఉంటాయి. దెబ్బ ఎక్కడో కాడ దిగాల కదా. సన్నదైతే అదే పుటుక్కున తెగి బండి ఆగిపోయేది. మనం మీటర్లో ఫ్యూజు తీసి లావు తీగ ఏసినట్టు ఏసినాం."

"లోపల ఇరిగితే ఏటవుతాది?"

గంగులు ముద్ద నోట్లో పెట్టుకోలేదు. "ఇరిగిన పన్ను మద్దిన పడితే సక్రాలు బిగిసిపోతాయి."

"పరిగెడతన్న బండికేనా?"

"అవునొదినా," అని వాడు కంచం పక్కకి నెట్టేశాడు.

"సచ్చినోడా, ఆ యేళే సెప్పలేకపోనావా!"

"నువ్వు సెప్పనిచ్చినావేటి?"

ధనరాజ్ ఫోను మోగుతోంది గాని తియ్యడంలేదు. గంగులు చేయి కడుక్కోకుండానే మోపెడ్ తీశాడు, ఆమె వెనకెక్కింది. దారి పొడుగునా రాజకుమారికి ఒకటే కనిపిస్తోంది. కారు బోర్లాపడి ఉంది. జనం. లోడుకెళ్ళిన శివాజీ రాయపూర్ దారిలో ఎక్కడో ఫోనెత్తి, ముందుగా ఒక్క మాటే అడుగుతాడు. లావుది ఎవులు ఏయించినారు?

లేఅవుట్ దగ్గర పదిహేనుమంది కుర్రాళ్ళు ఫోన్లు ఎత్తి నిలబడ్డారు. కాలిన రబ్బరు వాసన. "రెండు లాగేసినాడు, ఇది ఫైనలు," అంటున్నారెవరో. ఎర్ర కారు ఇంజను అరుపు అందుకుంది. రాజకుమారి పరిగెత్తి ఎడమ తలుపు లాగి లోపల కూలబడింది. సీటు ఎంత కిందకుందంటే గోతిలో పడ్డట్టయింది.

"అమ్మా! ఏటిది? దిగు, అందరూ సూస్తన్నారు."

"సూడనీ. నన్ను ఎక్కించుకునే లాగు."

"పిచ్చేటి నీకు?"

"లావు జాయింటు నానే ఏయించినాను రా. నీకు సెప్పొద్దన్నాను. ఇంక దెబ్బంతా ఎనక హౌసింగుకే తగుల్తాదంట. సక్రాలు బిగిసిపోతాయంట." ఒక్క గుక్కలో చెప్పేసింది.

ధనరాజ్ ఆమెకేసి చూశాడు. "అందుకేనా అలగ తన్నతన్నాది? నా క్లచ్ గొప్పనుకున్నాను."

"ధనా, అమ్మగారితో డబుల్సేటి రా!" బయట ఎవడో అరిచాడు. అందరూ నవ్వారు. ధనరాజ్ చెవులు ఎర్రబడ్డాయి. కాలు నొక్కాడు. ఇంజను మళ్ళీ లేచింది. రాజకుమారి తలుపు పిడి పట్టుకుని కళ్ళు మూసుకుంది. దిగలేదు.

అరుపు తగ్గింది. నిండు లోడుతో ఉన్న లారీని శివాజీ కదిపినట్టు, క్లచ్ నెమ్మదిగా, నెమ్మదిగా వదిలాడు. కారు పది గజాలు పాకింది. వెనకనుంచి, చక్రం తిరిగినప్పుడల్లా, "కర్... కర్..."

వాడే కారాపి ఇంజను కట్టేశాడు.

"అమ్మా, ఇనబడిందా?"

"ఊఁ."

"ఏ పక్క?"

ఆర్నెల్లలో వాడు ఆమెనొక మాట అడగడం అదే మొదలు.

"కుడేపు. ఎప్పట్నించి రా?"

వాడి చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. "రెండోది లాగినప్పుడు ఇన్నాను. ఇంకొక్కటే కదా అనుకున్నాను."

రాజకుమారి అద్దం దించి, "గంగులూ, బేగి తాడు తే!" అని కేకేసింది.

గంగులు తాడు, ఇంకొకడు జీపు తెచ్చారు.

"దిగమ్మా, ఇంక లాంచింగు నేదు. కట్టి లాక్కెల్తారు."

"ఇంటికాడ దిగుతాను," అందామె, తలుపు పిడి వదలకుండా.