మూడో బెంచీ మీద జ్వరం

మా తరగతిలో మూడో బెంచీ మీద ఒక జ్వరం కూర్చుంటుంది. తల దువ్వుకుని వేళకు వస్తుంది. హాజరు పిలిస్తే "ఆయ్, ఉన్నానండి" అంటుంది. దాని పక్కన పాలగిన్నె పెడితే పొంగుతుంది. పొయ్యి ఖర్చు లేదు.

సైకిల్ షాపు మీది గదిలో ఆరుగురు నర్సులకు పైస్థాయి ఇంగ్లిషు చదవడం, రాయడం నేర్పుతున్నాను. వాళ్లలో సలోమి మా ఊరి బడిలో నా దగ్గరే తొమ్మిదో తరగతి చదివింది. రేపు ఆమెకు పరీక్ష. రెండుసార్లు తప్పింది, ఇదే ఆఖరుసారి. సొంత మాటల్లో ఒక ఉత్తరం రాయాలి.

"నీకు జరిగిందే ఒకటి రాయమ్మా" అంటాను.

రాస్తుంది. కాగితం మీద మాత్రం, జ్వరంతో బాధపడుతున్నందున ఒక రోజు సెలవు ఇప్పించమని ఇంగ్లిషులో పడుతుంది.

"నేను రాసింది ఇది కాదు మాస్టారండీ. పెన్ను మార్చినా ఇదే వస్తోంది."

జ్వరం లేచి నిలబడుతుంది. "నన్నంటారేంటండి? ముప్పయ్యేళ్లు పిలిచింది మాస్టారే కదండి."

నిజమే. మా బడిలో సెలవుచీటీ ఒక్కటే. అక్క పెళ్లయినా, తాత తద్దినమైనా, గేదె ఈనినా అందరికీ జ్వరమే. తప్పుల్లేకుండా బట్టీ పట్టించింది అదొక్కటే మరి. టీకొట్టు దగ్గర లారీ అంత చేపను పట్టానని కోతలు కోస్తాను గానీ, పిల్లల చేత ఒకే ఒక్క అబద్ధం ఆడించాను.

సలోమి సంచిలోంచి పాత చీటీ తీసి నా ముందు పెడుతుంది. ఎర్రసిరా గీత కింద ఆమె చిన్నప్పటి అక్షరాలున్నాయి. నాన్న పడవ రెండు రోజులుగా రాలేదు, నేను ఒడ్డున ఉండాలి. అంతా తప్పుల ఇంగ్లిషు. దాని పైన నా దస్తూరీలో జ్వరం.

"ఇది చదివి హెడ్మాస్టరుగారు నాకు మాత్ర పంపించారండి. నాన్నని వెతకడానికి ఆయన తమ్ముడి మరపడవ ఉండేది."

గుర్తులేదమ్మా అనబోతాను. జ్వరం నా వైపే చూస్తోంది.

"గుర్తుంది" అంటాను.

"అయితే ఆ గీత మీరే తీయండి."

గోటితో గీకుతాను. గీత కొస లేస్తుంది. లాగితే తడితాడులా వస్తోంది. అవతలి గోడ వెనక్కి జరుగుతుంది, బెంచీల కింద ఉప్పునీళ్లు చేరతాయి. మిగతా నర్సులు కొంగులు దోపుకుని, "జరగండర్రా, చోటివ్వండి" అనుకుంటూ తప్పుకుంటారు. జ్వరం నా వెనక నిలబడి తాడు పడుతుంది. దాని చేతులు చల్లబడుతున్నాయి.

పడవ వస్తుంది. అందులో మనిషి లేడు. నిండా నేను కొట్టేసిన వాక్యాలే, ఏ పిల్ల దస్తూరీలో ఆ పిల్లవి, తోకలు కొట్టుకుంటున్నాయి. కొన్ని కదలడం లేదు.

సలోమి పడవంతా వెతుకుతుంది. రెండుసార్లు వెతుకుతుంది. తరవాత అంచు మీద కూర్చుని కాగితం తీసి రాస్తుంది. ఈసారి కాగితం మీద జ్వరం పడదు. తలెత్తకుండానే సలోమి అంటుంది:

"మాస్టారండీ, బతికున్నవి ఏరండి."

చెయ్యి పెడతాను. ఒక చిన్న వాక్యం నా వేలు కరిచి పట్టుకుంటుంది. అలాగే పైకెత్తి చూస్తాను. దాని నోట్లో జ్వరం మాత్ర ఉంది. ఇంకా కరగలేదు.