పంచదార కాజాలు

తెనాలిలో దర్జీ పని చేసే కరీముల్లాకి ఫ్లూ పట్టుకుంది. మూడు రోజులకి జ్వరం దిగింది గానీ గొంతు పూర్తిగా మూగబోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రావడం లేదు. సరిగ్గా ఆ రోజే బాపట్లలో మైక్రోబయాలజీ చదువుతున్న కూతురు ఆసియా ఫోన్ చేసింది. తండ్రి మాట్లాడలేడని తెలిసి, ఫోన్ స్పీకర్‌లో పెట్టించి తనే మొదలెట్టింది.

"అబ్బా, నీకు ఫ్లూ ఎలా పట్టిందో నీ భాషలో చెప్తా విను. మన గొంతులో కణాల మీద పంచదార కాజాలుంటాయి. ఆ వైరస్‌కి ఒళ్లంతా బొత్తాలే. బొత్తాలు కాజాల్లో దూరాయంటే ఇక లోపలికొచ్చేసినట్టే!"

కరీముల్లా మురిసిపోయాడు. ఇంత చక్కగా అర్థమైన చదువు ఆయన జీవితంలో ఇదే.

వంటింట్లో కుక్కర్ ఈల వేస్తుంటే ఆయన భార్య జానీ బీకి మాత్రం సగమే వినపడింది. వైరస్, పంచదార కాజాలు, లోపలికొచ్చేయడం. అంతే, డబ్బాలో ఉన్న కాజాలన్నీ తీసుకెళ్లి చెత్తబుట్టలో పోసింది.

కరీముల్లా కంగారుగా అడ్డుపడ్డాడు. చొక్కా పట్టుకుని బొత్తాం కాజా చూపించాడు.

"ఉక్కగా ఉందా?" అంటూ ఆమె ఫ్యాన్ వేసింది.

ఆయన సుద్దముక్క తీసి నల్ల గుడ్డ మీద 'కాజా' అని రాశాడు.

"అదేగా నేను చెప్పేది! మీకూ అర్థమైందిగా!" అని రేపల్లెలో ఉన్న తమ్ముడు అమ్జద్‌కి ఫోన్ కలిపింది. ఆదివారం అతని కూతురి నిశ్చితార్థం. "ఒరేయ్, స్వీట్లలో కాజాలు మాత్రం పెట్టకు. ఫ్లూ వాటికే పట్టుకుంటుందట. మన ఆసియా చెప్పింది."

కరీముల్లా ఇంకో మాట రాయబోయేంతలో దగ్గు తెర కమ్మేసింది. ఆదివారం ఎలాగూ ఆసియా వస్తుందిగా అని ఊరుకున్నాడు.

కానీ ఆదివారం ఆసియా ఎక్కిన బస్సు ఆలస్యమైంది. అమ్జద్ భయపడి కాజాలతో పాటు పంచదార స్వీట్లన్నీ మానేయడంతో, రేపల్లెలో భోజనాలయ్యాక పెద్ద పళ్లెంలో జామకాయ ముక్కలు వచ్చాయి. పెళ్లికొడుకు తండ్రి మొహం మాడిపోయింది.

"నోరు తీపి చెయ్యకుండా సంబంధం ఎలా కలుపుకుంటామండీ?"

అమ్జద్ నసిగాడు. జానీ బీ ముందుకొచ్చింది. "ఏం అనుకోకండి అన్నగారూ, కాజాలకి వైరస్ పట్టుకుంటుందటండి."

"మేం బుట్టెడు తెచ్చినవీ కాజాలేనండీ! అంటే మేం రోగం మోసుకొచ్చామనా?"

పందిట్లో తలలన్నీ ఇటు తిరిగాయి. ఇక లాభం లేదని, ఇంకా గొంతు పెగలని కరీముల్లా లేచాడు. తిన్నగా పెళ్లికొడుకు తండ్రి దగ్గరికెళ్లి, ఆయన చొక్కా బొత్తాం విప్పి, మళ్లీ పెట్టి, మళ్లీ విప్పాడు.

"ఈయనకి జ్వరం ఇంకా తగ్గినట్టు లేదండీ," అని ఆయన బిక్కచచ్చిపోయాడు.

అప్పుడు దిగింది ఆసియా. పెద్దమనిషి గుండెల మీద తండ్రి చేతులు, మూలన కాజాల బుట్ట, తల్లి మొహం చూసింది. కాజాల గొడవ అమ్జద్ చెప్పగానే సంగతి అర్థమై పడిపడి నవ్వింది.

"అమ్మీ, నేను చెప్పింది తినే కాజా కాదు, చొక్కా కాజా! అంకుల్, కణం మీద చక్కెర గొలుసుంటుంది. దాని చివరి పూసని వైరస్ పట్టుకుంటుంది. ఆ చక్కెరని మన ఒళ్లే తయారుచేసుకుంటుంది. మనం పంచదార మానేసినా అది మానదు."

"మరి కోళ్ల ఫ్లూ? ఇందాక బిర్యానీ కూడా భయంభయంగానే తిన్నానమ్మా," అన్నాడాయన.

"కోళ్ల వైరస్‌ది వేరే కాజాండి. అక్కడ ఆ పూస అతుకు తీరే వేరు. మన గొంతులో దానికి సరిపడే కాజాలు తక్కువ. అందుకని అంత తేలిగ్గా పట్టదు. అలాగని అస్సలు పట్టదనీ కాదు. బాగా ఉడికితే మాత్రం భయం లేదండి. ఇంకో సంగతి, పని అయ్యాక అతుక్కుపోకుండా ఆ పూసని కత్తిరించుకుని బయటపడడానికి ఫ్లూకి కత్తెర కూడా ఉంది."

కత్తెర కూడానా! కరీముల్లా నోరు తెరిచి చూశాడు. ఇన్నాళ్లూ తనని మంచాన పడేసింది తోటి దర్జీ అన్నమాట.

జానీ బీ మాత్రం తగ్గలేదు. "బొత్తాం కన్నం అనొచ్చుగా! ఫోన్‌లో కాజా అంటే ఎవరికైనా ఏది గుర్తొస్తుంది?"

పెళ్లికొడుకు తండ్రి నవ్వేశాడు. ఆయన నవ్వగానే పందిరి నవ్వింది. బుట్ట మూత తీశారు. జానీ బీయే కొంగు బిగించి వడ్డనకి దిగింది. ఒక్కటే చాలన్నవాళ్లని, "ఏం, మా కాజాల మీద అనుమానమా?" అని గదమాయిస్తూ రెండేసి వేసింది.