సర్ ఎడ్మండ్ సమాధి మీది మాట

ఆదివారం మధ్యాహ్నం చలపతి ఇంట్లో దాదాపు నాలుగు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లీషు జమీందారు ఒకాయన తిష్ఠ వేశాడు. తెచ్చిపెట్టింది కూతురు హారిక. జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో ఎనిమిదో తరగతి చదివే ఆ పిల్లని స్కూలువాళ్ళు ఇంగ్లండు తీసుకెళ్ళి, ఓ పల్లెటూరి చర్చిలో సమాధులు చూపించి, ఒక్కొక్కరూ ఒకరి జీవితం తెలుసుకుని క్లాసులో చెప్పాలన్నారు. హారిక సర్ ఎడ్మండ్ హార్‌క్రాఫ్ట్‌ని ఎంచుకుంది. సమాధి మీద ఆయన రాతి విగ్రహం కాళ్ళ దగ్గర ముద్దొచ్చే రాతి కుక్క ఉందట, అదీ కారణం.

"రేపే చెప్పాలి నాన్నా. నువ్వే ఆడియన్స్, విను," అంది.

చలపతి సోఫాలో కూర్చున్నాడు గాని మనసు గురువారం దగ్గరే ఆగిపోయింది. ఆఫీసులో ఉద్యోగుల తరఫున మాట్లాడే సంఘం, జర్మన్లు బెట్రీప్స్‌రాట్ అనేది, పెట్టాలని అతనూ, అక్కడే కొత్తగా చేరిన ఫహద్ కలిసి అనుకున్నారు. అసలు ఆ మాట మొదట ఎత్తింది చలపతే. గురువారం మేనేజరు పిలిచి, కాఫీ ఇచ్చి, ఇది ఎవరి ఆలోచన అని నవ్వుతూ అడిగాడు. బెదిరించలేదు, గొంతు కూడా పెంచలేదు. చలపతి ఫహద్ పేరు చెప్పేశాడు. ఎంత చవకగా అమ్ముడుపోయాడో తలుచుకుంటే అతనికే సిగ్గేస్తోంది. మర్నాడే ఫహద్‌ని ఉద్యోగంలోంచి తీసేశారు.

బెల్లు మోగింది. ఫహద్, చేతిలో స్పానర్‌తో. హారిక సైకిలు బ్రేకులు బాగుచేస్తానని ఎప్పుడో మాటిచ్చాడు. ఉద్యోగం పోయిన మనిషి కూడా ఆ మాట మరవలేదు. చలపతి అతని మొహంలోకి చూడలేక టీ పెడతానని లేవబోయాడు.

"టీ తర్వాత అన్నా, కూసో," అన్నాడు ఫహద్. "నాకింక ప్రొబెట్‌సైట్ అయిపోలే గద, ప్రొబేషన్లనే ఉన్న. కొత్తోన్ని రీజన్ చెప్పకుండనే తీసేయొచ్చంట. సంఘం పెడ్తున్నమనే తీసేసిన్రని ఒక్క సాక్షి కోర్టుల చెప్తే కేసు నిలబడ్తదని వకీలు అన్నడు. ఇంట్ల నా భార్య సదియాకి ఏడో నెల. బ్లూ కార్డు వీసా మీద ఇంకో జాబ్ ఎతుక్కోనీకి మూడు నెలలే ఇస్తరు. నువ్వు దప్ప నాకెవరున్నరు? మంగళారం వకీలు టైమిచ్చిండు, టెర్మిన్ ఉంది. వస్తవా?"

చలపతి నోరు విప్పేలోపు హారిక అడ్డొచ్చింది. "ఫహద్ అంకుల్, మీరు కూడా వినండి. ఇద్దరు ఆడియన్స్ అయితే ఇంకా బావుంటుంది."

హారిక కాగితం చూసి మొదలుపెట్టింది. పంతొమ్మిదో ఏట తండ్రి పోతే సర్ ఎడ్మండ్ చేతికి మూడు ఊళ్ళ భూమి వచ్చింది. దాని వెనకే పార్లమెంటులో సీటు. రాజు వేస్తున్న పన్నులు అన్యాయమని సభలో నిలబడి మాట్లాడితే ఊరంతా నెత్తిన పెట్టుకుంది. చిన్ననాటి స్నేహితుడు టామ్ పెల్లీ ఆ మాటలు నమ్మి ఆయన వెంట నడిచాడు. రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం వచ్చింది. ఏ సైన్యం దగ్గరికొస్తే సర్ ఎడ్మండ్ ఆ సైన్యానికి గేటు తెరిచాడు. రాజు తల పోయింది, ఈయన పొలం గట్టు కూడా కదల్లేదు. చివరికి ఆ రాజు కొడుకు తిరిగొచ్చి పగ తీర్చుకునే రోజులొచ్చాయి. రాజు మీద తిరగబడ్డాడని టామ్‌ని పట్టుకున్నారు. ఈ దారిలో నన్ను పెట్టింది సర్ ఎడ్మండే, కావలిస్తే అడగండి అన్నాడు టామ్. అడిగారు. టామ్‌ని ముఖపరిచయం తప్ప ఎరగనన్నాడు సర్ ఎడ్మండ్. టామ్‌ని ఉరితీశారు. సర్ ఎడ్మండ్ మళ్ళీ పార్లమెంటుకి వెళ్ళాడు, ముసలివాడై తన మంచం మీదే కన్నుమూశాడు.

"టామ్ సమాధి ఎక్కడుంది బేటా?" అడిగాడు ఫహద్.

"లేదు అంకుల్."

ఫహద్ చేతిలో స్పానర్ అటూ ఇటూ తిప్పాడు. "పాపం, ఎడ్మండ్‌కి గూడ పిల్లలుంటరు. భయపడ్డడేమో," అన్నాడు. తర్వాత చలపతి వైపు తిరిగాడు. "మంగళారం వస్తవు గద అన్నా?"

ఆ జాలి చలపతికి చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. జరిగింది చెప్పేయడానికి ఇంతకన్నా సమయం రాదని తెలుసు. కానీ కొత్తగా కొన్న ఈ ఇల్లూ, ఎదురుగా ఈ పిల్లా కనిపించాయి.

"మంగళవారం ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది ఫహద్. అయినా ఆ సంఘం సంగతి మనం అంతగా మాట్లాడుకుందెప్పుడు? ఏదో మాటవరసకి అనుకున్నాం గాని."

ఫహద్ అతన్నే చూశాడు. తన పేరు మేనేజరు దాకా ఎలా వెళ్ళిందో అతనికి అప్పుడర్థమైంది. హారిక దగ్గర సైకిలు తాళం తీసుకుని కిందికి దిగాడు. కిటికీలోంచి చలపతి చూస్తుండగానే బ్రేకులు బిగించి, ఓ చుట్టు తొక్కి చూసి, తాళం లెటర్ బాక్సులో వేసి వెళ్ళిపోయాడు.

"నాన్నా, చివర్లో ఆయన గురించి మన అభిప్రాయం చెప్పాలి," అంది హారిక. "ఏమని చెప్పను?"

చలపతి కిటికీ దగ్గర్నించి కదల్లేదు. "తన ఇంటిని కాపాడుకున్నాడని చెప్పమ్మా."

హారిక ఫోన్లో సమాధి ఫోటో పెద్దది చేసి, లాటిన్ అక్షరాలు కూడబలుక్కుని చదివింది. "ఇక్కడా అదే ఉంది నాన్నా. 'తన ఇంటిని కాపాడినవాడు.' ఆయన బతికుండగానే చెక్కించుకున్నాడని టీచర్ చెప్పింది. అది ఆయన మాట కదా. నేనేం చెప్పాలో చెప్పు."