రెండు మోకాళ్ల కొలతలు

ముందు కొలత రాసుకోకుండా బట్టకు కత్తెర పెట్టిన పాపాన పోలేదు అత్తగారు. వదులు చెయ్యమని తెచ్చిన పాత కోటైనా సరే, ఉన్న కొలత చీటీ మీద రాసి, ఆ చీటీని గుండుసూదితో కాలరుకు గుచ్చాకే దాని మీద చెయ్యి వేసేది. “తేడా వస్తే తప్పు మనదో కాదో చీటీ చెబుతుంది” అనేది. వీధి మొగలోని ఆమె కుట్టు దుకాణం ముప్పై ఏళ్లుగా మాట పడకుండా నడిచిందంటే ఆ చీటీల చలవే.

అందుకే కుడి మోకాలికి ఇంజెక్షన్ చేయించుకోవాల్సిన రోజు పొద్దున్నే మంచం అంచున కూర్చుని, టేపు తీసి తన రెండు మోకాళ్లూ కొలుచుకుంది. టేపు ఎక్కడ పెట్టిందో గుర్తుకు బాల్‌పెన్నుతో చర్మం మీద గీత కూడా గీసుకుంది. కుడిది పదిహేనూ పావు అంగుళాలు. ఎడమది సరిగ్గా పదిహేను. రెండూ చీటీ మీద రాసుకుంది.

“మోకాలికి చొక్కా కుడుతున్నావా ఏంటి?” అన్నాడు మామగారు పేపరు మీంచి చూస్తూ.

“మీ నోటికి కుడదామనుకున్నా. అంత బట్ట దొరకలేదు.”

కోడలు నవ్వింది కానీ, లోపల బెరుగ్గానే ఉంది. ఇంజెక్షన్ సంగతి ఎత్తింది తనే. మిషను తొక్కలేక అత్తగారు గంటకోసారి లేచి గోడ పట్టుకుని నిలబడటం చూడలేక, ఆసుపత్రిలో కనుక్కుని, రోజు ఖాయం చేసి, ఆటోలో పక్కన కూర్చుని తీసుకెళ్లింది.

ఆ సాయంత్రానికి మోకాలు ఉబ్బింది. పదిహేనూ ముప్పావు. ఇలా కావచ్చని డాక్టరు ముందే చెప్పాడు కాబట్టి ఎవరూ కంగారు పడలేదు. ఐసు పెట్టారు. మూడో రోజుకు పదిహేనున్నర, నాలుగో రోజుకు మళ్లీ పదిహేనూ పావు. అత్తగారు మిషను దగ్గర కూర్చుని రెండు కర్టెన్లకు అంచులు కుట్టి, “బాగుందే అమ్మాయ్, నీ మందు” అంది. కోడలికి ఏనుగెక్కినంత సంబరమైంది.

ఐదో రోజు పొద్దున టేపు పదహారు చూపించింది. మధ్యాహ్నానికి పదహారున్నర. చెయ్యి వేస్తే మోకాలు ఇస్త్రీ చేసిన గుడ్డలా వెచ్చగా ఉంది.

కోడలు ఆసుపత్రికి ఫోన్ చేసింది.

“ఇంజెక్షన్ తర్వాత వాపు మామూలేనమ్మా” అంది నర్సు. “ఐసు పెట్టండి. వచ్చే వారం ఎలాగూ వస్తారుగా, అప్పుడు డాక్టరు గారు చూస్తారు.”

కోడలి గుండె కుదుటపడింది. మామూలే అన్న మాటే వినాలని ఉందేమో, వినగానే నమ్మేసింది. అత్తగారికి అదే చెప్పింది.

“తగ్గింది మళ్లీ ఎందుకు పెరిగిందట?”

“అది... అడగలేదు అత్తయ్యా.”

“అడగాల్సింది అదొక్కటే. కుట్టు విప్పి వదులు చేసిన బట్ట తనంతట తనే బిగుసుకుంటే దాన్ని మామూలు అంటామా?”

కోడలు కొలతల చీటీ సంచిలో పెట్టుకుంది. చెప్పులు వేసుకుని ఆటో పిలిచింది.

ఆసుపత్రిలో ముందు చూసింది ఒక కుర్ర డాక్టరు. జ్వరం చూశాడు, పెద్దగా లేదు. “వయసు పెరిగేకొద్దీ నొప్పి ఓర్చుకునే శక్తి తగ్గుతుందండీ” అన్నాడు, మాత్రలు రాయబోతూ.

మామూలుగా డాక్టర్ల ముందు నోరు పెగలని కోడలు ఆ మాటకు లేచి నిలబడింది. “మా అత్తయ్య నొప్పని రాలేదండీ. కొలత చూపించడానికి వచ్చింది.” చీటీ తీసి బల్ల మీద పెట్టింది.

అతను చూసి మర్యాదగానే నవ్వాడు. “ఇంట్లో కొలిస్తే ఒక్కోసారి ఒక్కోలా వస్తుందమ్మా.”

“నీ నడుము ముప్పై రెండు బాబూ” అంది అత్తగారు కుర్చీలోంచి. “కొన్నది ముప్పై నాలుగు ప్యాంటు. బెల్టు బిగించి నెట్టుకొస్తున్నావు.”

అతని చెయ్యి బెల్టు మీదికి పోయింది. పక్కనున్న నర్సు మొహం తిప్పుకుంది.

“ఎడమ మోకాలి వరస కూడా చూడండి” అంది కోడలు, వేలు పెట్టి చూపిస్తూ. “ఆరోజు నుంచి ఈరోజు దాకా అన్నీ పదిహేనే. నూలుపోగంత తేడా లేదు. కొలిచే చెయ్యి తప్పయితే అదీ మారాలి కదా.”

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా అని కోడలే ఆశ్చర్యపోయింది. కుర్ర డాక్టరు చీటీ పట్టుకుని లోపలికి వెళ్లి, ఇంజెక్షన్ ఇచ్చిన పెద్ద డాక్టరును వెంటబెట్టుకుని వచ్చాడు.

పెద్దాయన చీటీ రెండుసార్లు చదివాడు. మోకాలు తాకి, వెంటనే సూది పెట్టి లోపలి నీరు లాగాడు. తేటగా ఉండాల్సింది గంజిలా మసకగా వచ్చింది.

“కీలు లోపల చీము పడుతోందమ్మా” అన్నాడు దాచకుండా. “ఈ ఇంజెక్షన్‌తో అరుదుగా ఇలా అవుతుంది. ఆ మందే జ్వరం బయటపడకుండా అణిచేస్తుంది కూడా. వచ్చే వారం దాకా ఆగి ఉంటే కీలు దెబ్బతినేది. ఈ సాయంత్రమే లోపలంతా కడిగేద్దాం. ఫోన్లో మావాళ్లు రమ్మని చెప్పాల్సింది. అది మా పొరపాటు.”

కోడలు అత్తగారి చెయ్యి పట్టుకుంది. “నేనే తీసుకొచ్చాను అత్తయ్యా. నేను పట్టుబట్టకపోతే...”

“నువ్వు తీసుకొచ్చింది రెండుసార్లు” అంది అత్తగారు. “రెండోసారి లెక్కలో వెయ్యవేం?”

కీలు కడిగారు. నరానికి మందులు ఎక్కించారు. మర్నాడు కట్టు మార్చేటప్పుడు నర్సు చుట్టుకొలత తియ్యబోతే అత్తగారు ఒప్పుకోలేదు. టేపు మెలిక పడిందనీ, గీత మీద పెట్టలేదనీ వంకలు పెట్టి, “మా అమ్మాయి తీస్తుంది, మీరు రాసుకోండి” అంది. ఆ రోజు పదహారూ పావు. ఆ మర్నాడు పదహారు.

నాలుగో రోజు పెద్ద డాక్టరు తన శిష్యుల్ని వెంటేసుకుని మంచం చుట్టూ నిలబడ్డాడు. కోడలు చేతులు కడుక్కుని వచ్చి, అంతమంది చూస్తుండగా టేపు వేసింది.

“పదిహేనున్నర.”

“లాగి పట్టావేమో, మళ్లీ చూడు” అంది అత్తగారు.

కోడలు టేపు వదిలి మళ్లీ వేసింది. “లాగలేదు అత్తయ్యా. పదిహేనున్నరే.”

డాక్టరు మోకాలిని నెమ్మదిగా వంచి చూశాడు. అత్తగారు పళ్లు బిగబట్టింది కానీ, కాలు వంగింది. “కీలు దక్కిందమ్మా” అన్నాడు. “రెండు నెలలు ఆగి మిషను తొక్కుకోండి.” కుర్ర డాక్టరు వైపు తిరిగి, “ఇకనుంచి ఇంజెక్షన్‌కు ముందే రెండు మోకాళ్లూ కొలిచి రాయండి. రెండూ” అన్నాడు.

వాళ్లు వెళ్లాక పక్క మంచం మీది పెద్దావిడ ఇటు తిరిగి, “ఎవరమ్మా ఆ పిల్ల? ఇక్కడ నర్సా?” అని అడిగింది.

అత్తగారు దిండుకు ఆనుకుని, దుప్పటి సర్దుకుని, వార్డంతా వినపడేలా చెప్పింది.

“మా కోడలు.”