చేతిలోంచి చేతిలోకి

సంధ్య పిడికిలి ఇక బిగియలేదు. వేళ్లు కొంకర్లు పోయి అంబు బ్యాగ్ చేయి జారింది. గొట్టానికి వేలాడింది. మానిటర్ కూత పెట్టింది. మేం పరుగెత్తి వచ్చేలోపే రోగి బక్కయ్య భార్య బాలవ్వ ఆ సంచిని అందుకుని పిసకడం మొదలుపెట్టింది. పొద్దుటి నుంచీ ఆమె చూస్తున్నది అదే కదా. బక్కయ్య ఛాతీ మళ్లీ పైకి లేచింది.

మిత్రులారా, ఆస్పత్రిలో శిక్షణ అంటే ఏమిటో మీలో చాలామందికి తెలుసు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మేం సూరత్‌లో పారామెడికల్ రెండో ఏడు విద్యార్థులం. ఒక ప్రైవేటు ఆస్పత్రికి నేర్చుకోమని పంపారు. నేర్పేవాళ్లెవరూ లేరు. వార్డులో టెక్నీషియన్ల పనంతా మాదే. సొంతంగా ఊపిరి తీసుకోలేని మనిషి గొంతులో గొట్టం వేసి, దాని చివర ఈ రబ్బరు సంచి తగిలిస్తారు. పిసికితేనే ఊపిరి. వెంటిలేటర్ వచ్చేదాకా కాసేపు వాడాల్సిన వస్తువును మా చేత షిఫ్టంతా పిసికిస్తారు. వెంటిలేటర్ లేక కాదు. స్పెషల్ రూములో తాళం వెనక ఒకటి ఖాళీగానే ఉంది, ఏ మిల్లు సేఠ్‌కైనా అవసరం పడుతుందేమోనని. బక్కయ్య తెలంగాణ నుంచి వలస వచ్చి, లింబాయత్ పేటలో లూమ్, అంటే మరమగ్గం, నడిపే మనిషి. ఆయనకు మా వేళ్లు చాలట!

బాలవ్వ దగ్గర నుంచి బ్యాగ్ నేను తీసుకున్నాను. మాకున్న రూలు ఒక్కటే. అది చేతిలోంచి చేతిలోకే పోవాలి, కింద పెట్టకూడదు. అందుకే మా మీటింగ్ కూడా ఆ మంచం చుట్టూనే జరిగింది.

"బంద్ పెడదాం," అన్నాడు ఓంప్రకాష్. వాళ్ల నాయన పాండేసరాలో మిల్లు కార్మికుడు. "అందరం బయటికి పోదాం. గప్పుడు దిగొస్తరు."

"ఎట్ల పోతవ్‌రా?" సంధ్య వేళ్లు నలుపుకుంటూ మండిపడింది. "మా నాయన లూమ్ ఆపితే బట్ట ఆగుతది. గిది ఆపితే మనిషే ఆగిపోతడు. సచ్చేది మనోడు, సేఠ్ గాదు."

"మనం చదువుకోడానికొచ్చాం," అంది భావన. వాళ్ల నాన్న బ్యాంకు ఆఫీసరు. "మార్కులు వీళ్ల చేతుల్లో ఉన్నాయి. ఈ పోస్టింగ్ అయ్యేదాకా ఓర్చుకుంటే పోలా?"

"నీకు పోతది," అన్నాడు ఓంప్రకాష్. "మీ డాడీ ఇంకో కాలేజీల ఏస్తడు. మాకేంది?"

భావన ముఖం ఎర్రబడింది. నా చేతిలోంచి బ్యాగ్ తీసుకుని పిసకసాగింది.

పని మానితే హంతకులం, మానకపోతే బానిసలం. అడకత్తెరలో పోకచెక్క బతుకు. నాకు ఏడుపూ వచ్చింది, ఒళ్లు మండిపోయే కోపమూ వచ్చింది. రోగి మీద మాకున్న జాలినే మాకు సంకెళ్లు చేశారు.

సంధ్య తన వంతని మళ్లీ రెండు చేతులా బ్యాగ్ పట్టుకున్నప్పుడే సూపరింటెండెంట్ వచ్చాడు. వెనక సెక్యూరిటీ మనిషి. ఆయన హిందీలో అరిచాడు.

"బ్యాగ్ వదిలేసింది నువ్వేనా? నీ ట్రైనింగ్ ఖతం. ఏడాది పోయినట్టే. బహార్ నికలో!"

"పిల్ల తప్పేంది సారూ?" బాలవ్వ అడ్డం వచ్చింది. "గా రూముల ఉత్తగున్న మిషను మా ఆయనకు పెట్టరాదు?"

ఆయన ఆమె వైపు చూడనైనా లేదు. సంధ్యకేసి వేలు చూపాడు. "దీని తరఫున నిలబడేవాళ్లంతా పొండి. అందరూ పొండి!"

"సరే సార్."

ఆ మాట అన్నది భావన. అని, రెండడుగులు వెనక్కి వేసింది. ఓంప్రకాష్ వేశాడు. నేనూ వేశాను. ముందుగా ఎవరమూ అనుకున్నది కాదు. బాలవ్వ కూడా పక్కకు జరిగింది. మంచం దగ్గర సంధ్య, ఆయన మిగిలారు.

"నేను గూడ పోతున్న సార్," అంది సంధ్య, పిసుకుతూనే. "పట్టుండ్రి."

"నర్స్!" అని కేకేశాడాయన. అంతస్తు మొత్తానికి ఒక్కతే నర్సు, ఆమె అవతలి వార్డులో ఉంది. చుట్టూ చూశాడు. పక్క మంచాల వాళ్ల బంధువులంతా లేచి వచ్చి నిలబడ్డారు. ఆయన రెండు చేతులూ బ్యాగ్ మీద పడేదాకా సంధ్య వదల్లేదు. పడ్డాక తీసింది.

పిసికాడు. ఎంత పెద్ద డాక్టరైనా పిసకాల్సిందే. జేబులో ఫోను మోగితే తీయలేకపోయాడు. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాడు.

"ఎవరైనా పట్టుకోండి!" సెక్యూరిటీ మనిషి తనకు రాదన్నట్టు వెనక్కి జరిగాడు.

"మీరే పొమ్మన్నరు గద సార్," అన్నాడు ఓంప్రకాష్.

"ఆపకు సారూ," అంది బాలవ్వ. "గా పిల్ల పొద్దటి సంది పిసుకుతనే ఉంది."

చివరికి సెక్యూరిటీ మనిషి మీద అరిచాడు. "తాళం తియ్! వెంటిలేటర్ పట్రా!"

మిషను వచ్చింది. బక్కయ్యకు తగిలించారు. నా జన్మలో అంత సంతోషం ఎరగను.

ఆ సాయంత్రమే మా అందరి ట్రైనింగ్ రద్దయింది. మేం గేటు ముందు కూర్చున్నాం. లింబాయత్ లూముల వాళ్లు షిఫ్టు దిగి వచ్చి మా పక్కన కూర్చున్నారు. మర్నాడు పోలీసులు వచ్చి మమ్మల్ని వ్యాన్ ఎక్కిస్తుండగా, మా స్థానంలో పని చేయించడానికి కాలేజీ బస్సు కొత్త బ్యాచ్‌ను దింపింది. అందులో లత అనే పిల్ల పరుగున వచ్చింది.

"అక్కా, ఇంకో మనిషికి గొట్టమేసిండ్రట, మాకు గూడ బ్యాగే ఇస్తరట. ఏం జెయ్యాలె?"

పోలీసు సంధ్య రెక్క పట్టి లాగుతున్నాడు. ఆమె మెడ తిప్పి అరిచింది.

"చెయ్యి తియ్యకు చెల్లె! అందరు గా మంచం కాడనే నిలబడుండ్రి. గా సూపరింటెండెంటునే పిలువుండ్రి. గాయన చేతిలనే పెట్టుండ్రి!"

వ్యాన్ తలుపు మూసేలోపు నేను చూశాను. కొత్త బ్యాచ్ మొత్తం ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఆస్పత్రి మెట్లెక్కుతోంది.