తళతళలాడే రాగి గిన్నె

అత్తగారిది ఊరుకునే నోరు కాదు. పెళ్లై ఏడాదైనా నిండని కోడలు గిన్నె తోమితే చాలు, కిటికీ వెలుగులోకి పట్టుకెళ్లి చూసేది. "లోపలంతా నల్లగా ఉంది. మీ ఇంట్లో గిన్నెలు తోమరా?" అనేది. కోడలు తలవంచుకుని మళ్లీ తోమేది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్న సామెత ఆవిడకూ తెలుసు, ఇతరులకు చెప్పడానికి.

ఆ మధ్యాహ్నం నెలలు నిండుతున్న కూతురు పుట్టింటికి భోజనానికి వచ్చింది. తనకి పులుపంటే ప్రాణం. అందుకని మాంసం పక్కన నంజుకోవడానికి కోడలు చుక్కకూర వండింది.

"వదినా, ఎంత పచ్చగా ఉందో. ఇప్పుడే కోసినట్టుంది," అంటూ కూతురు రెండోసారి వడ్డించుకుంది.

అత్తగారు కూడా మెచ్చుకోబోయి ఆగింది. చుక్కకూర పొయ్యెక్కితే రంగు చచ్చి ఎండుగడ్డిలా తయారవుతుంది. ఎవరి చేత్తో వండినా అంతే. ఇదేమో మొక్క మీదున్నట్టే ఉంది. ఆవిడ చేతిలోని ముద్ద పళ్లెంలో పెట్టేసింది.

"దేంట్లో వండావ్?"

"రాగి గిన్నెలో అత్తయ్యా. పొద్దున్నే వండి అందులోనే ఉంచాను."

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లి గిన్నె వంచి చూసింది. లోపల ఉండాల్సిన తెల్లటి తగరపు కళాయి పూత మచ్చుకైనా లేదు. అడుగంతా ఎర్రగా తళతళలాడుతోంది. కూర అంటిన అంచు చుట్టూ నీలిపచ్చ చార. పూత పోయిన రాగికి పులుపు తగిలితే విషమని ఆవిడకు తల్లి చెప్పింది. ఆవిడ మాత్రం కోడలికి చెప్పలేదు. తిట్టడానికి దొరికిన తీరిక ఆ ఒక్క మాటకు దొరకలేదు.

కోడలు వెనకే వచ్చింది. వేళ్ల చివర్ల చర్మం లేచిపోయి ఉంది.

"నిన్నంతా ఇసుకా, నిమ్మచెక్కా పెట్టి తోమాను అత్తయ్యా. నల్లది పోయాక కింద తెల్లటి పొర ఇంకొకటి. అదీ ఒక పట్టాన వదల్లేదు."

అవతలి గదిలో చెంచా పళ్లేన్ని గీకుతోంది.  అత్తగారు గిన్నె చేత్తో పట్టుకునే పరుగెత్తింది.

పళ్లెం ఖాళీగా ఉంది. కూతురు కుర్చీ వెనక్కి జరిపి, రెండు చేతులతో పొట్ట పట్టుకుంది.

"అమ్మా, నోట్లో నాణెం పెట్టుకున్నట్టుంది. కడుపులో మెలి తిప్పుతోంది."

గుమ్మం దగ్గర కోడలు నిలబడిపోయింది. అత్త చేతిలో ఉన్న గిన్నె వైపు చూసి, భయంభయంగా అడిగింది.

"ఇంకా నల్లగానే ఉందా అత్తయ్యా?"